పదకొండో కాగితం

చెవిలో గింజంత యంత్రం పెట్టుకుంటే, ఎదుట ఏ రాత ముక్క ఉన్నా అదే చదివి మొత్తం పుస్తకం సారం చెప్పేస్తున్న కాలమది. పిల్లలకు అక్షరాలు వచ్చు గాని, వాటితో పని పడదు.

బజ్జీలమ్మే వరహాలమ్మకు అదే దిగులు. పాత కథల పుస్తకమొకటి చింపి, మనవరాలు చార్వికి రోజూ ఒక్కో కాగితంలో, వరస తప్పకుండా, బజ్జీలు పొట్లం కట్టి ఇస్తోంది. మొదట్లో ఆ పిల్ల చేతులు తుడుచుకుని పారేసేది. ఇప్పుడేం చేస్తోందో అడిగే ధైర్యం ముసలమ్మకు లేదు.

ఈ సాయంత్రం బేరాల హడావుడిలో పదకొండో కాగితం ఎవరికో వెళ్ళిపోయింది. పన్నెండోది అందుకున్న చార్వి మలుపు దాకా వెళ్ళి పరుగున తిరిగొచ్చింది.

"మామ్మా, మద్దిలో కాయితం ఏదే? పడవ ములిగిపోనాదా, తేలినాదా?"

వరహాలమ్మ లోలోపల పొంగిపోయింది. పైకి మాత్రం, "నాకేటి తెలుసు? నీ చెవిలో దాన్నడుగు," అంది.

"దాన్ని తీసి జేబులో పడీసినాను. ఆకర్న ఏటౌతాదో కూడా చెప్పీస్తాది!"

బేరం జోరు మీదుంది. అయినా వరహాలమ్మ పొయ్యి ఆర్పేసి, మనవరాలి చెయ్యి పట్టుకుని, ఆ పొట్లం తీసుకెళ్ళిన మనిషిని వెతకడానికి బయల్దేరింది.