పొట్టి పరీక్ష

సభలో చప్పట్లు ఆగడం లేదు. అవి తనకు కావు. ప్రొఫెసరుగారికి ఒళ్లంతా కారం రాసుకున్నట్టయింది.

మెదడు పట్టు తప్పుతోందో లేదో తేల్చే ఆ మూడు గంటల పరీక్షకు తల్లీ తండ్రీ ఆయనే. పదాలు ఏరింది ఆయన. బొమ్మలు గీసింది ఆయన. దాన్ని ఇప్పుడు ఆయన శిష్యురాలు పావుగంటకు కుదించింది. కుదిస్తే కుదించింది, ఆయన పదాల్లో, బొమ్మల్లో ఒక్కటంటే ఒక్కటి కూడా ఉంచలేదు.

నిన్నటిదాకా తన బ్యాగు మోసిన పిల్ల! ఇవాళ అందరూ దాని చుట్టూనే.

ఇంటికి వెళితే అక్కడా అదే భజన.

"పాపం, ఆ అమ్మాయి నిద్ర మానుకుని చేసిందండీ" అంది భార్య.

"నువ్వు కూడా దాని పార్టీయేనా?"

ఆవిడ వంటింట్లోకి వెళ్లిపోయింది. ఈ మధ్య ఆ ఇద్దరికీ ఫోనులో గుసగుసలు ఎక్కువయ్యాయి. ఆయన గదిలోకి రాగానే మాట మార్చేస్తారు. కట్టుకున్న పెళ్లాన్ని కూడా బుట్టలో వేసుకుందన్నమాట!

మర్నాడు ఆసుపత్రిలో శిష్యురాలి గది తలుపు దబాల్న తోశారు.

"పెట్టు, నీ పరీక్ష నామీదే పెట్టు. దాని బండారం ఇప్పుడే బయటపెడతా."

ఆమె ముఖం పాలిపోయింది. భయపడాలి మరి, అనుకున్నారాయన.

"కూర్చోండి గురువుగారూ."

ఐదు పదాలు చదివి వినిపించింది. కాసేపు లెక్కలు చేయించి, ఆ పదాలు మళ్లీ చెప్పమంది.

"గొడుగు..." అన్నారాయన. మిగతావి నాలుక చివరిదాకా వచ్చి వెనక్కిపోయాయి. లోపల కుతకుతా ఉడుకుతుంటే ఎవరికి మాత్రం గుర్తుంటాయి?

ఒక బొమ్మ చూపించి, దాచి, గీయమంది. రెండు గీతలు గీసి పెన్ను విసిరేశారు.

మార్కులు చూశాక మాత్రం ఆయన సంతోషం పట్టలేకపోయారు.

"చూశావా! నిక్షేపంలా ఉన్న నన్నే రోగిని చేసింది నీ పరీక్ష! నా పరీక్ష నేను నిన్ననే రాసుకున్నా. నూటికి నూరు! ఇప్పుడేమంటావ్?"

శిష్యురాలు కళ్లు తుడుచుకుంది. ఓడిపోయి ఏడుస్తోంది. ఇన్నాళ్లకు ఆయన కడుపు చల్లబడింది.

"మీ పరీక్ష మీకు కంఠతా వచ్చు గురువుగారూ, అందుకే అమ్మగారు నా దగ్గర కన్నీళ్లు పెట్టుకుంటే, మీ ఒక్కరి కోసం ఇది తయారుచేశాను."