జవాబు అక్కర్లేదు

"ఈ లైను ముందు వాయిడ్ పెట్టిన మహానుభావుడెవరు?" అంటూ టెస్టింగ్ అక్క నా బల్ల మీద కాగితం పడేసింది.

మందు ఎక్కించే పంపుకి మేం రాసిన సి కోడ్ అది. మందు అయిపోతే ఆ లైను బెల్లు కొట్టి, మోగిందో లేదో చెబుతుంది. ముందు వాయిడ్ ఉంటే ఆ జవాబు అక్కర్లేదని, కావాలనే వదిలేశామని అర్థం. అక్క పరీక్షలో బెల్లు మోగలేదు. మోగలేదన్న సంగతి కోడ్ చెవిన పెట్టలేదు.

ఆసుపత్రిలో నాన్నకు పెట్టింది మా పంపే. ఆ మందు ఆగితే బీపీ పడిపోతుంది. తోడున్న చెల్లెలికి ఫోన్ చేశాను.

"నాన్న పక్కనే ఉన్నావా?"

"లేదన్నయ్యా, కింద మందుల షాపులో ఉన్నా. కంగారెందుకు? అయిపోతే బెల్లు మోగుతుందిగా. నీ పంపేగా!"

"పరిగెత్తు!"

ఫోన్‌లో మెట్ల మీద చెప్పుల చప్పుడు, చెల్లెలి ఆయాసం.

వాయిడ్ పెట్టినవాళ్లు పక్కనే కారణం రాయాలన్నది మా ఆఫీసు నియమం.

"కారణం కూడా రాసి చచ్చాడు, చదువు," అంది అక్క.

చదవక్కర్లేదు. రెండేళ్ల కిందట రాసింది నేనే.

"బెల్లు మోగకపోయినా పర్వాలేదు. రోగి పక్కన ఎప్పుడూ ఒకరుంటారు."