గోడ మీదికి

మందుల చీటీ పట్టుకుని వెనక్కి తిరిగేసరికి ఆమె గుండె జారిపోయింది.

ఆసుపత్రి బెంచీ మీద తాను కూర్చోబెట్టి వెళ్లిన కూతురి ముందు ఎవరో మనిషి, కంటికి కెమెరా ఆనించుకుని ఉన్నాడు.

క్లిక్!

"ఎవరయ్యా నువ్వు?" ఒక్క ఉదుటున వెళ్లి పిల్లను ఒళ్లోకి లాక్కుంది.

అతను కెమెరా దించాడు. ఎడమ కనుబొమ్మను రెండుగా చీల్చిన పాత గాటు. అది చూసి ఆమెకు ఇంకా భయమేసింది.

"పాప తియ్యమందమ్మా. మీరొచ్చాక చూపించి అడుగుదామని..."

"నేనే తియ్యమన్నాను! నా పూలు కూడా పడాలన్నాను," అంది ఆరేళ్ల బుడంకాయ. మోకాలి కింద కొత్తగా పెట్టిన ప్లాస్టిక్ కాలు మీద అది పెన్నుతో గీసుకున్న పూలు.

"నువ్వు నోర్ముయ్!"

ఆమె చూపు ఎదురు గోడ మీదికి పోయింది. అక్కడో పెద్ద బొమ్మ. నేల మీద కూలబడిన ఒంటికాలి పిల్లాడు, చాచిన చెయ్యి, చెంపల నిండా కన్నీళ్లు. కింద 'దయ చూపండి' అన్న అక్షరాలు. ప్రతి వారం బుడంకాయను ఆ గోడ వైపు వీపు ఉండేలా కూర్చోబెట్టేది. అయినా ఆ బొమ్మ ఆమె కలల్లోకి వచ్చేది. కలలో ఆ పిల్లాడికి బుడంకాయ మొహం ఉండేది.

"ఆ గోడ మీదికేగా?" అంది.

అతను అబద్ధమాడలేదు. "ఆ గోడ మీదికేనమ్మా. కాకపోతే..."

"కాకపోతే లేదు, గీకపోతే లేదు! నా కళ్ల ముందే చెరిపెయ్!"

"మీరే నొక్కండి," అంటూ కెమెరా ఆమె వైపు తిప్పాడు.

పూల కాలు ముందుకు చాపి, ఊడిన పన్ను సందు కనపడేలా నవ్వుతోంది బుడంకాయ. ఇంట్లో అల్లరి చేసేటప్పటి మొహం.

ఆమె వేలు ఒక్క క్షణం ఆగింది. భయం ఆగనివ్వలేదు. నొక్కేసింది.

అతను కెమెరా భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

"అమ్మా, ఆ మామయ్య కాలు కూడా నాలాగే టక్కుటక్కుమంటోందే!"

"అటు చూడకు."

కాసేపటికి నర్సమ్మ వచ్చింది. "ఫొటో ఆయనేడీ?"

"పంపించేశాను. చెరిపించేశాను కూడా." దొంగను పట్టిచ్చినంత ధీమాగా చెప్పింది.

నర్సమ్మ ఉసూరుమంది. "మీరూనా! పిల్లల ఫొటో కోసం ఆరు నెలలుగా అడుగుతున్నాడు పాపం, ఆ బొమ్మ చూసి ఒక్క తల్లీ ఒప్పుకోదు. ఇవాళ్టిలోగా నవ్వే బొమ్మ ఒక్కటి తెస్తే దాన్ని పీకేస్తామన్నారు ఆసుపత్రి పెద్దలు. లేకపోతే మళ్లీ అదే అచ్చేసి వీధివీధినా అంటిస్తారట."

"ఆయనకెందుకంత పట్టుదల?"

"ఏమో. ఆ బొమ్మలో పిల్లాడు జాలి కోసం ఏడవలేదని మాత్రం చెప్పాడు. ఫొటో కోసమని చంకకర్రలు లాక్కుని నేల మీద కూర్చోబెట్టారట. 'నా కర్రలు నాకిచ్చెయ్యండి' అని వాడు చెయ్యి చాస్తే, అది తీశారట."

ఆమె గుమ్మం దాకా పరుగెత్తింది. వీధిలో అతను లేడు.

వెనక్కొచ్చి, మొదటిసారి ఆ గోడ దగ్గరగా నిలబడి బొమ్మలోకి చూసింది.

ఏడుస్తున్న పిల్లాడి ఎడమ కనుబొమ్మ మీద, ఇందాక తనను భయపెట్టిన గాటే.