నాలుగడుగుల దూరం

తాడేపల్లిగూడెం రైస్ మిల్లులో ముప్ఫై ఏళ్లు దుమ్ము పీల్చిన ఊపిరితిత్తులు నావి. రోజూ ఎంత నడవచ్చో తేల్చడానికి ఏలూరు ఆసుపత్రి వరండాలో ఆరు నిమిషాలు నడవమన్నారు.

నా భార్య కామాక్షి మంచినీళ్ల సీసా పట్టుకుని నా వెనకే నడిచింది.

“పక్కన నడవండమ్మా,” అంది నర్సు.

“ఆవిడంతేనమ్మా. ఎక్కడికెళ్లినా నాకు నాలుగడుగులు వెనకే. అంత మర్యాద,” అన్నాను, ఆయాసపడుతూనే కాస్త గొప్పగా.

రెండుసార్లు ఆగి, ఎలాగో పూర్తిచేసి కుర్చీలో కూలబడ్డాను. నర్సు నా వేలికి క్లిప్పు పెట్టింది. ఆక్సిజన్ తొంభై.

గోడకి ఆనుకుని రొప్పుతున్న కామాక్షిని చూసి, అదే క్లిప్పు ఆవిడ వేలికీ పెట్టింది. ఎనభై ఆరు.

“మీది ఇంకా తక్కువుందమ్మా! ఎన్నాళ్ల నుంచి ఈ ఆయాసం?”

“ఊక పొయ్యి మీద వండే రోజుల నుంచేనండీ. ఆ పొగ పడేది కాదు.”

“మరి చెప్పలేదేంటండీ?”

“ఆయన అంత దగ్గుతుంటే, నాదేం చెప్పనండీ?”

ఆ ఊకని మిల్లు నుంచి సైకిలు మీద బస్తాలకొద్దీ తెచ్చింది నేనే.

ఇన్నేళ్లూ ఆవిడ నడవలేక వెనకబడిపోతుంటే, నేను దానికి మర్యాదని పేరు పెట్టుకున్నాను.