చప్టా దాటిన చప్పుడు

నాగులమ్మ ఉన్నట్టుండి దారికి అడ్డం వచ్చింది. స్వర్ణ కారు బ్రేకు తొక్కగానే టపా సంచులు సీటు మీంచి జారిపడ్డాయి.

"చూసుకోవద్దా పెద్దమ్మా! తగిలుంటే?"

"చూసే నిలబడినా. యేంది నువ్వు, రోజూ దొంగ మాదిరి పోతుండావు?"

స్వర్ణ తల దించుకుంది. నాగులమ్మ కొడుకు చెంచయ్య మోపెడ్ మీద ఈ ఊళ్ళకు టపా తెచ్చేవాడు. మొన్నటి తుఫానులో వాగు చప్టా దాటుతూ మోపెడ్‌తో సహా కొట్టుకుపోయాడు. ఆ తర్వాతే టపాకు ఈ హైబ్రిడ్ కారు వచ్చింది, ఆ ఉద్యోగం స్వర్ణకు వచ్చింది. మెల్లగా నడిపితే కారు బ్యాటరీ మీదే పోతుంది, చప్పుడుండదు. ఈ ఇంటి ముందు స్వర్ణ ఎప్పుడూ మెల్లగానే పోతుంది.

"బండి మోత వింటే నీకు చెంచయ్యన్న గుర్తొస్తాడని..."

"మరిచిపోతే గదా, గుర్తొచ్చేదానికి!"

నాగులమ్మ కారు కిటికీ పట్టుకుంది.

"సముద్రం మీంచి పడవ మోత వినబడితేనే మేము పొయ్యి వెలిగించేది. మా ఆయన చేపల వేటకు పోయినన్నాళ్ళూ అట్లే చేసినా. నా బిడ్డకీ అట్లే చేసినా. ఇప్పుడా చప్టా దాటి వచ్చేది నువ్వు. క్షేమంగా వచ్చినావని నాకు తెలవద్దా?"

స్వర్ణ వాకిట్లోని పొయ్యి వైపు చూసింది. పొద్దు వాలుతోంది. పేర్చిన పుల్లలు పేర్చినట్టే ఉన్నాయి.

"ఇంకా తినలేదా పెద్దమ్మా?"

నాగులమ్మ కిటికీ వదిలి వెనక్కి జరిగింది.

స్వర్ణ గట్టిగా హారన్ కొట్టింది.

ముసలామె అలవాటుగా చప్టా వైపు చూసింది. కాసేపటికి గానీ కొంగు ముడిలోని అగ్గిపెట్టె తీయలేదు.