ఊరంతా ఒకటే మాట

"మళ్ళీ చెప్పు. నిప్పు ఎటునుంచి వచ్చింది?"

"తూర్పు నుంచండి," అన్నాడు ముత్యాలరావు.

తాతారావు తల పట్టుకున్నాడు. పొద్దుటినుంచీ ఇదే వరస. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం కొల్లేటి మీద గాలి ఎటునుంచి వీస్తుందో ఆ లంకలో పాలు తాగే పిల్లాడికైనా తెలుసు. ముత్యాలరావు మాత్రం నోరు తెరిస్తే తూర్పు అంటాడు.

"పడమట నుంచిరా! పడమటి గాలికి ఎండు కిక్కిస గడ్డి అంటుకుంది. అక్కణ్ణుంచి తాటాకు చూరు మీదికి దూకింది. ఆఫీసరు నిద్రలో లేపి అడిగినా అదే చెప్పాలి."

లంక జనమంతా ఇళ్ళకి ఎడంగా ఉత్తరపు గట్టు మీద ఉన్నారు. కుండలు, మూటలు, వలలు, కోళ్ళ గంపలు చిందరవందరగా పడి ఉన్నాయి. ముసలివాళ్ళనీ పసిపిల్లల్నీ పడవల్లో కూర్చోబెట్టారు. ఎండ నెత్తి మాడ్చేస్తోంది. ఊరి పెద్దరికం నెత్తిన వేసుకున్నందుకు తాతారావు తనని తానే తిట్టుకున్నాడు.

లంకని మెరక మీదికి మార్పించమని ఆయన ఎక్కని ఆఫీసు మెట్టు లేదు. అర్జీ మద్రాసు వెళ్ళింది. రాష్ట్రం వేరుపడ్డాక కర్నూలు వెళ్ళింది. ఎక్కడికి వెళితే అక్కడే పడుకుంది. ఏటా వరదకి ఇళ్ళు మునిగితే వచ్చింది చాటెడు నూకలు. నిరుడు పక్క లంక కాలిపోతే మాత్రం, ఆకివీడు రోడ్డు పక్కన మెరక మీద స్థలాలిచ్చి పెంకుటిళ్ళు కట్టించారు. అక్కడివాళ్ళంతా ఆఫీసరుకి ఒకటే మాట చెప్పారట. వీళ్ళు తలో మాటా చెబితే ఈ వానాకాలం కూడా పీకల్లోతు నీళ్ళలోనే. అది తలుచుకుంటేనే ఆయనకి ఒళ్ళు మండిపోతోంది.

"సరే, నువ్వేం చేశావు?"

"చూరుకి కొక్కెం తగిలించి నా ఇల్లు నేనే లాగి పడేశానండి. మంట పక్కింటికి పోకుండా ఆపేశానండి."

"బాగుంది! నీ ఇల్లూ కాలలేదు, పక్కిల్లూ కాలలేదు. ఇంక నీకు పెంకులెందుకిస్తార్రా?"

నలుగురూ నవ్వారు. తాతారావుకి నవ్వు రాలేదు. వీడికి ఎప్పుడూ వీరుడు కావాలనే యావ. ముందు ఇల్లు రావాలిగా!

"నూకరత్నం, నువ్వు చెప్పమ్మా."

"నేను పొయ్యి మీద పులుసు పెట్టుకున్నానా అన్నయ్యా, గాలికి ఒక నిప్పురవ్వ లేచి..."

"పొయ్యి మాటెత్తావంటే నాలుక కోస్తాను!"

వేసవిలో పొద్దెక్కేలోగా పొయ్యిలు ఆర్పెయ్యాలన్నది లంకల కట్టుబాటు. మధ్యాహ్నం పొయ్యి వెలిగించామని మన నోటితో మనమే చెప్పుకుంటే, స్థలం మాట దేవుడెరుగు, చీవాట్లు పెట్టి పంపిస్తారు.

"నువ్వు పొద్దున్నే పొయ్యి ఆర్పేశావు. బిందెలతో నీళ్ళు మోశావు. మంట ఆరలేదు. పట్టుచీర కాలిపోయిందని ఏడ్చావు."

"నాకు పట్టుచీరెక్కడిది అన్నయ్యా?"

"అందుకేగా ఏడవమంటున్నాను!"

అంతలో ఆయన చూపు గట్టు మీది సామాను మీద పడింది. మళ్ళీ చిర్రెత్తుకొచ్చింది.

"సర్వం పోయినోళ్ళ దగ్గర ఇన్ని కుండలుంటాయా? పడవల్లో పెట్టి గోనెలు కప్పండి. మేకల్ని అవతలి ఒడ్డుకి దాటించండి. అన్నీ నేనే చెప్పాలా?"

చివరికి మేనత్త పైడమ్మ వంతు వచ్చింది. పెద్దది, మాట తక్కువ. ఈవిడతో గొడవ ఉండదనుకున్నాడు.

"అందరూ కేకలేసుకుంటా నీళ్ళు మోశారు. అంతే కదత్తా?"

"కేకలెవరేశార్రా? నోరు పిడచకట్టుకుపోద్ది. చప్పుడంతా వెదుళ్ళదే. కణుపులు పేలతా ఉంటాయి. పొగలో పక్కనున్నది మొగుడో పరాయోడో తెలీదు. బిందె కాలికి తగులుద్ది గానీ చేతికి దొరకదు."



"అదంతా వద్దత్తా. ప్రాణనష్టం లేదని చెప్పు, చాలు."

"ఎలా చెప్పమంటావు? ఉయ్యాల్లో పిల్లని నేను తీశానని దాని తల్లి అనుకుంది. తల్లే తీసుంటదని నేననుకున్నాను."

నూకరత్నం చటుక్కున లేచి తన బిడ్డ ఉన్న పడవ దగ్గరికి పరిగెత్తింది. ఇంకో ఇద్దరు ఆడవాళ్ళూ లేచారు. తాతారావుకి జాలి కన్నా ముందు కోపమే వచ్చింది. పొద్దుటినుంచీ గొంతు చించుకుని ఒక దారికి తెచ్చిన జనం, ఒక్క మాటతో చెదిరిపోతున్నారు.

"అది నిరుడు పక్క లంకలో, నీ కూతురి ఊళ్ళో సంగతి కదే తల్లీ! మన ఊరి సంగతి చెప్పు. మన ఊళ్ళో ఎవరూ పోలేదు."

"నిప్పుకి ఊళ్ళ తేడా ఉంటదంట్రా?"

తాతారావు విసురుగా పడవల దగ్గరికి వెళ్ళాడు. పిల్లల్ని ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచాడు. పెద్దపిల్లలు పలికారు. చంటివాళ్ళని గుడ్డ తొలగించి మరీ చూశాడు. ఆఖరికి పైడమ్మ చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి, ఆవిడ చేత కూడా చూపించాడు.

"అందరూ ఉన్నారుగా?" అన్నాడు.

ఆవిడ తల ఊపింది.

గాలి జోరందుకుంది. తాతారావు ఒక్కడే పడమటి కొసకి నడిచి, చెక్కుచెదరకుండా నిలబడి ఉన్న ఊరినంతా ఒకసారి చూసుకుని, అగ్గిపుల్ల గీసి ఎండు కిక్కిసకి అంటించాడు.