అమ్మ కూర్చున్న కుర్చీ

"కదలకు అమ్మా," అన్నాను.

వైర్లేవీ తగిలించకుండా, కూర్చున్నవాళ్ల గుండె వేగాన్ని మెత్తలోంచే పసిగట్టే కుర్చీ అది. నేనే తయారుచేశాను. తెరమీద అంకె డెబ్బై దగ్గర నిలకడగా ఉంది.

చెక్కపని చేసిపెట్టిన వడ్రంగిగారు లోపలికొచ్చారు. "నడుముకి హాయిగా ఉందాండీ?" అని అమ్మనడిగారు.

అంకె నూటపదికి ఎగిరింది.

"అయ్యో, చెడిపోయినట్టుంది! మీరొకసారి కూర్చోండి," అన్నాను ఆయనతో.

అమ్మ లేచింది. ఆయన కూర్చుని అమ్మవంక చూశారు. నూట ఇరవై!

నేను స్క్రూడ్రైవర్ అందుకోబోతే అమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"దానికేం కాలేదే," అంది నవ్వాపుకోలేక. "మీ నాన్న పోయిన ఇన్నేళ్లకి... నీతో ఎలా చెప్పాలో తెలీక ఇద్దరం తంటాలు పడుతున్నాం."

ఆయన తలెత్తలేదు.

నాకూ నవ్వాగలేదు. ఇంకో కుర్చీ లాక్కొచ్చి, అమ్మకోసం ఆయన పక్కనే వేశాను.